వాయించే చోటు: మన వాద్యాల బడి చరిత్ర

ఆదివాసీలకు ఆటపాటలు పుట్టుకతోనే వస్తాయని మైదాన ప్రాంతం వాళ్లు అంటుంటారు. మెచ్చుకోలుగానే అంటారు. విని మనమూ మురిసిపోతాం. కాస్త ఆగి ఆలోచిస్తే మాత్రం ఆ మాట వల్ల మనకు జరిగే నష్టం తెలుస్తుంది. పుట్టుకతోనే వచ్చేదైతే నేర్పేవాళ్లు ఎందుకు? గురువు ఎందుకు? పెప్రె ఊదే తాత ఊపిరి పట్టడానికి ఎన్నేళ్లు కష్టపడ్డాడో ఎవరూ అడగరు. కిక్రి మీద చెయ్యి కుదరడానికి పటాడి కొడుకు ఎన్ని రాత్రులు తండ్రి పక్కన కూర్చున్నాడో ఎవరూ రాయరు. ఇవాళ హాస్టల్లో చదివే పిల్లవాడికి డోలు పట్టుకోవడం రాకపోతే, లోపం వాడిలోనే ఉన్నట్టు మాట్లాడతారు.

మన సంగీతం పుట్టుకతో రాలేదు. నేర్పితే వచ్చింది. నేర్పడానికి మనకు గురువులున్నారు, పద్ధతి ఉంది, కాలం ఉంది. బోర్డు మాత్రం లేదు. బోర్డు లేని ఆ బడి ఎలా నడిచింది, ఎందుకు చెదిరింది, మళ్లీ చిన్నగానైనా నడపాలంటే ఆ చరిత్ర మనకు ఏం నేర్పుతుంది అన్నదే ఈ వ్యాసం. ఉట్నూరు ఏజెన్సీలో సాయంత్రాలు, ఆదివారాలు పిల్లలను కూర్చోబెట్టి వాద్యాలు నేర్పుతున్న కొద్దిమందిమి మేము. మాలో బడిపంతుళ్లు ఉన్నారు, వ్యవసాయం చేసుకునేవాళ్లు ఉన్నారు, తాతల కాలం నుంచి వాద్యం పట్టిన ఇళ్లవాళ్లు ఉన్నారు.

బోర్డు ఉన్న ఒక బడి

ముందు బోర్డు ఉన్న బడి గురించి చెప్పుకుందాం. 1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు తన ఊళ్లో సంగీత కళాశాల పెట్టాడు. చూపులేని ఒక అబ్బాయికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనే దానికి మొదలని చెబుతారు. హరికథకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు ఆ కళాశాలకు మొదటి అధిపతి. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ చేరి నేర్చుకుందామని వెళితే, ఆయన వయొలిన్ విని ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారు. తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యాడు. ఘంటసాల, పి. సుశీల చదువుకున్నది ఆ బడిలోనే.

ఆ కళాశాల గొప్పదనం గురించి చాలామంది రాశారు. మనం చూడవలసింది దాని కింద ఉన్న గుంజలను. ఒకటి, నేర్పేవాడికి జీతం ఉంది. అతను పొట్ట కోసం వేరే పనికి పోనక్కరలేదు. రెండు, నేర్చుకునేవాడు రోజూ వచ్చి కూర్చునే వేళ ఉంది. మూడు, నేర్చుకున్నాక పాడడానికి ఒక లోకం ఉంది. కచేరీలున్నాయి, పెళ్లిళ్లున్నాయి, ఆ తర్వాత రేడియో, సినిమా వచ్చాయి. ఈ మూడు గుంజల మీద ఆ పందిరి వందేళ్లు దాటి నిలబడింది.

ఇప్పుడు మన గూడేల వైపు చూద్దాం. ఈ మూడు గుంజలూ మనకూ ఉండేవి.

పటాడి ఇల్లు

ఆదిలాబాద్ గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉన్నాయని మనకు తెలుసు. ఒక్కో సగ కింద ఎన్నో ఇంటిపేర్లు. ఏ ఇంటిపేరు వాళ్లకు ఏ పేన్, ఆ పేన్ ఎక్కడి నుంచి నడిచి వచ్చింది, దారిలో ఏ ఏరు దాటింది, ఎవరితో వియ్యం కుదురుతుంది, ఎవరు అన్నదమ్ముల వరస అన్న చరిత్ర అంతా ప్రధానుల నోట ఉంది. గోండులు వాళ్లను పటాడి అంటారు. ఒక్కో గోండు వంశానికి ఒక్కో పటాడి వంశం కట్టుబడి ఉంటుంది. పెర్సాపేన్ కొలుపులో పటాడి కిక్రి పట్టి పాడకపోతే ఆ కొలుపు నిండదు. పెళ్లిలోనూ చావులోనూ అతని పాట కావాలి. అందుకు దాత ఇంటి నుంచి ధాన్యం, బట్టలు, పశువు ఇచ్చే ఆచారం ఉంది. ఇది దానం కాదు, హక్కు. దాత ఇవ్వకపోతే పటాడి అడగగలడు. పటాడి రాకపోతే దాత నిలదీయగలడు.

విజయనగరంలో జీతం అన్నది ఇక్కడ పటాడి హక్కు. అక్కడి కచేరీ ఇక్కడి పెర్సాపేన్ కొలుపు. తరగతి గది పటాడి ఇంటి వాకిలి.

కిక్రి మూడు తీగల వాద్యం. కర్రతో చేసిన డొల్ల మీద తోలు బిగించి, కమానుతో వాయిస్తారు. కొన్ని చోట్ల కింగ్రి అంటారు. దాన్ని నేర్చుకునే పిల్లవాడి చేతికి ముందే కిక్రి ఇవ్వరు. ముందు అతను వంత పాడతాడు. పెద్దాయన ఒక చరణం పాడి కమాను లాగితే పక్కన కూర్చున్నవాళ్లు దాని కొసను అందుకుంటారు. ఆ కొస అందుకోవడమే మొదటి పాఠం. అలా పాడుతూ పాడుతూ కథ నోటికి వస్తుంది, రాగం చెవికి ఎక్కుతుంది. ఆ తర్వాతే చెయ్యి. అంటే పిల్లవాడు మొదటి రోజు నుంచే పనిలో ఉన్నాడు. వాడు పాడకపోతే వంత తక్కువ పడుతుంది. వాడి గొంతు ఆ రాత్రికి అవసరం.

తోటి తెగ వాళ్లదీ ఇదే దారి. వాళ్లూ కిక్రి పట్టి గోండుల కథలు పాడతారు. ఆ ఇళ్లలోని ఆడవాళ్లు పచ్చబొట్లు పొడుస్తారు. సంఖ్యలో చిన్న తెగ, మోస్తున్న చరిత్ర మాత్రం పెద్దది.

మరో మాట చెప్పాలి. ఈ కథలు పాడే ప్రధానుల్లో చాలా ఇళ్లలో మరాఠీ మాట్లాడతారు. కథ పాడేది గోండిలో. ఇంట్లో ఒక భాష, పాటలో ఒక భాష నేర్చుకుని, రెండూ తప్పు లేకుండా పిల్లలకు అప్పగించిన గురువులు వాళ్లు. రెండు భాషల్లో చదువు చెప్పడం గురించి ఇవాళ శిక్షణ తరగతుల్లో మాట్లాడుతున్నారు. పటాడి వాకిట్లో అది ఏనాటి నుంచో ఉంది.

ఏడాదికొకసారి తెరిచే బడి

కిక్రి ఒక వంశం చేతిలో ఉండే విద్య. దండారి ఊరందరి విద్య. దీపావళికి ముందు భోగితో దండారి మొదలవుతుంది. వాద్యాలను, గుస్సాడీల నెమలి ఈకల టోపీలను బయటికి తీసి మొక్కుతారు. ఏత్మాసూర్ పేన్ పేరుతో ఆట మొదలవుతుంది. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి విడిది పోతుంది. ఆ ఊరివాళ్లు కాళ్లు కడిగి, అన్నం పెట్టి, రాత్రంతా కలిసి ఆడతారు. చివరికి కొలబొడితో ముగించి వాద్యాలను, టోపీలను మళ్లీ భద్రపరుస్తారు.

ఇందులో చదువు ఎక్కడుందో చూడండి. డోలు, తుడుము, డప్పు, పెప్రె, కాలికోమ్ కలిసి మోగే చోట చిన్నపిల్లలు ఊరికే ఉండరు. గుస్సాడీ కాళ్ల గజ్జెలు ఏ దెబ్బ మీద పడుతున్నాయో చూస్తారు. తోలు సడలితే నెగడి దగ్గరికి తీసుకుపోయి కాచి తెచ్చే పని పిల్లలది. తోలు ఎంత వేడెక్కితే ఎంత గట్టిగా పలుకుతుందో అలా తెలుస్తుంది. పెద్దవాళ్లు అలసి కూర్చుంటే పన్నెండేళ్లవాడు డోలు అందుకుంటాడు. దెబ్బ తప్పితే ఆట ఆగదు. పక్కవాడు కళ్లతోనే సరిచేస్తాడు. వరసగా ఎన్నో రాత్రులు, ఊరు మారిన ప్రతిసారీ కొత్త జోడీ, కొత్త తాళం. ఏ కళాశాలలోనూ ఇంత సాధన ఒక్క వరసలో దొరకదు.

గోదావరి దిగువన కోయల దగ్గర పద్ధతి వేరు, మూలం ఒకటే. డోలీలు పడిగెలు విప్పి, ఆ బట్ట మీది బొమ్మలను చూపుతూ డోలు వాయించి వేల్పుల చరిత్ర చెబుతారు. సమ్మక్క సారలమ్మల కథ కాగితం మీదికి రాకముందే డోలు మీద ఉంది. అరకు వైపు ధింసాకు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు కావాలి. పేర్లు వేరైనా, పిల్లవాడు నేర్చుకునేది కొలుపులోనే, పండుగలోనే. వాద్యానికి పని ఉన్న చోటే నేర్చుకున్నాడు.

పలక వచ్చిన దారి

ఇక మామూలు బడి మన దగ్గరికి ఎలా వచ్చిందో చూద్దాం. అది వచ్చిన తీరులో మేలూ ఉంది, నష్టమూ ఉంది.

ఉత్తరాంధ్ర కొండల్లో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు బడులు నడిపాడు. వాళ్ల పాటలు, కథలు సేకరించాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని అందరూ చెప్పుకుంటారు. పిల్లవాడి భాషలో బడి అన్న ఆలోచనను ఆయన సవర గూడేల్లోనూ ఆచరించాడన్నది మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

మన వైపు 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల సంగతి తెలుసుకోవలసి వచ్చింది. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని దగ్గరగా చూశారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. గోండు యువకులే పంతుళ్లుగా గూడేలకు వెళ్లారు. హైమన్‌డార్ఫ్ ప్రధానుల నోట విన్న పేన్‌ల పురాణాలను రాసుకుని 1948లో ఆదిలాబాద్ రాజగోండుల మీద పుస్తకం వేశాడు. బెట్టీ ఎలిజబెత్ 1987లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు.

ఆ పుస్తకం వల్ల కథ మిగిలింది. మేమూ దాన్ని వాడుకుంటాం. ఆ పేజీల్లో కథ ఉంది, కమాను లాగే చెయ్యి లేదు. ఒక చరణానికి ఎంతసేపు ఆగాలి, వంత ఎక్కడ అందుకోవాలి, దేవుడు ఏరు దాటే చోట కిక్రి ఎలా మారుతుంది అన్నవి కాగితం మీదికి రావు. అవి మనిషి నుంచి మనిషికే వస్తాయి.

1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. బడి భాష తెలుగుగా స్థిరపడింది, గోండి వాచకం వెనక్కి పోయింది. 1970ల్లో ఐటీడీఏ వచ్చింది. ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. వాటివల్ల మన పిల్లలు పట్వారీ కాగితం చదవగలిగారు, టీచర్లు, నర్సులు, ఉద్యోగులు అయ్యారు. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఈ వ్యాసం రాస్తున్న మేమూ ఆ హాస్టల్ అన్నం తిని చదివినవాళ్లమే.

నష్టం మాత్రం క్యాలెండర్ దగ్గర జరిగింది. దీన్ని ఎవరూ కావాలని చేయలేదు, అందుకే ఎవరి కంటా పడలేదు. దసరా సెలవులకు పిల్లలు ఇంటికి వస్తారు. సెలవులు ముగిసి తిరిగి హాస్టల్‌కు వెళ్లాక, దీపావళి దగ్గరపడుతుంటే గూడెంలో దండారి ఊపందుకుంటుంది. సంక్రాంతి సెలవులు అయిపోయాక పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా కొలుపు వస్తుంది. అంటే మన బడి తెరిచే రోజుల్లోనే పిల్లవాడు ఇంకో బడిలో ఉంటాడు. ఆరేళ్లకు హాస్టల్‌కు వెళ్లినవాడు పదహారేళ్లకు తిరిగి వచ్చేసరికి పది దండారులు దాటిపోయాయి. నెగడి దగ్గర తోలు కాచే వయసు, వంత పాడే వయసు, తప్పు కొట్టినా ఎవరూ నవ్వని వయసు దాటిపోయింది. ఇప్పుడు డోలు పట్టాలంటే వాడికి సిగ్గు. దాన్ని చూసి మనం ఈ కాలం పిల్లలకు ఇష్టం లేదంటాం.

ఇంకో గుంజ కూడా కదిలింది. భూమి చేజారిన దాతకు తన ఇంటికే ధాన్యం చాలదు. పటాడికి ఏం ఇస్తాడు? పటాడి కొడుకు కూలికి పోతాడు. పెళ్లిలో డీజే పెట్టె వచ్చి రాత్రంతా మోగితే పెప్రె ఊదేవాడికి పిలుపు రాదు. నేర్పేవాడికి బతుకు, నేర్చుకునేవాడికి వేళ, వాయించడానికి చోటు అనే మూడు గుంజలూ ఒక్క తరంలోనే ఊగిపోయాయి.

వాద్యం విడిచి కుంచె పట్టినవాళ్లు

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. మధ్యప్రదేశ్‌లో నర్మద ఎగువన ఉన్న ప్రధానులు బానా అనే తీగ వాద్యం పట్టి గోండు దాతల ఇళ్లలో పాడేవాళ్లు. 1946లోనే శామ్‌రావ్ హివాలే వాళ్ల మీద పుస్తకం రాశాడు. అక్కడా దాతలు చితికిపోయారు. 1980ల తొలినాళ్లలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే ప్రధాన్ యువకుడు ఊరి గోడ మీద వేసిన బొమ్మలు భోపాల్ కళాకారుల కంటపడ్డాయి. 1982లో మొదలైన భారత్ భవన్‌కు ఆయన చేరాడు. అతని వెనుక బంధువులు, ఊరివాళ్లు కుంచె పట్టారు. ఇవాళ గోండు చిత్రకళ అని లోకం పిలుస్తున్నది ఎక్కువగా ఆ ప్రధానుల చేతి పని.

దేవుళ్ల కథ పాట నుంచి బొమ్మలోకి నడిచింది. కుటుంబాలు నిలబడ్డాయి. అది గొప్ప విషయమే. ఎక్కడ పిలుపు ఉందో అక్కడికి విద్య పోతుందని ఆ చరిత్ర చెబుతోంది. బొమ్మకు కొనేవాడు దొరికాడు, బానాకు దొరకలేదు. మన కిక్రికి పిలిచేవాళ్లు ఎవరు అన్న ప్రశ్న మన ముందు ఉంది.

2024 మిగిల్చిన మాట

మార్లవాయి గ్రామానికే చెందిన కనకరాజు గుస్సాడీకి గురువు. 1980ల తొలినాళ్లలో ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తన బృందాన్ని తీసుకువెళ్లాడు. ఊళ్లో పిల్లలకు, యువకులకు నేర్పుతూనే ఉన్నాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడు మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలు మీద కోయలోనూ తెలుగులోనూ చెప్పగలిగిన మనిషి ఆయన.

2024 జూన్‌లో రామచంద్రయ్య పోయారు. అదే ఏడు అక్టోబరులో, దీపావళి ముందు, దండారి రోజుల్లోనే కనకరాజు పోయారు.

బిరుదు వచ్చిన రోజు పత్రికలన్నీ రాశాయి. గురువు పోయిన రోజూ రాశాయి. ఈ రెండు రోజుల మధ్య ఎందరు శిష్యులు ఆయన పక్కన కూర్చున్నారన్నదే అసలు లెక్క. బిరుదు గురువును గౌరవిస్తుంది. విద్యను మాత్రం శిష్యుడే నిలబెడతాడు. కనకరాజు గొప్పతనం ఢిల్లీ వెళ్లడంలో కంటే, తిరిగి వచ్చి మళ్లీ తన ఊరి పిల్లల ముందు నిలబడడంలో ఉందని మేము అనుకుంటాం.

చిన్న బడి నడిపే తీరు

పై చరిత్ర చదివాక మేము నడుపుతున్న బడి గురించి నాలుగు మాటలు చెబితే ఇతర ఊళ్లవాళ్లకు పనికొస్తుంది. మాది పెద్ద బడి కాదు. ఒక వాకిలి, ఒక వేపచెట్టు, కొన్ని వాద్యాలు. పిల్లలు ఒక్కో వారం ఎక్కువమంది వస్తారు, పత్తి ఏరే రోజుల్లో ఇద్దరు ముగ్గురే వస్తారు. ఇద్దరు వచ్చినా బడి జరుగుతుంది. ఒక్క పిల్లవాడి కోసం విజయనగరంలో కళాశాలే మొదలైందని చెబుతారు కదా.

మొదటి పని పెద్దలను అడగడం. దండారి వాద్యాలు మొక్కి తీసేవి, కొలబొడి తర్వాత దాచేవి. వాటిని ఎండాకాలంలో సాధనకు బయటికి తేకూడదు. అందుకే దేవారి, పటేల్ వంటి ఊరి పెద్దలతో మాట్లాడి, బడి కోసం వేరుగా డోళ్లు, డప్పులు చేయించాం. వాటికి కొలుపులో పని లేదు. కొలుపు వాద్యం కొలుపులోనే ఉంటుంది. ఏది ఎప్పుడు వాయించాలో, ఏది ఎప్పుడూ ఆటకు వాయించకూడదో మొదటి రోజే పిల్లలకు చెబుతాం. ఇది తెలిసిన పిల్లవాడికి వాద్యం మీద గౌరవం దానంతట అదే వస్తుంది. ఆడపిల్లలు ఏం నేర్చుకోవాలన్న మాట కూడా పెద్దల ముందే పెట్టాం. బడి డోళ్ల మీద వాళ్లకు అడ్డు లేదన్నారు. ఇవాళ మా దగ్గర తాళం తప్పకుండా కొట్టేవాళ్లలో ఆడపిల్లలే ముందున్నారు.

రెండోది, వాద్యం కంటే ముందు నోరు. ప్రతి తాళాన్ని ముందు నోటితో పలికిస్తాం. తర్వాత చప్పట్లు, తర్వాత తొడ మీద చెయ్యి, ఆ తర్వాతే తోలు. నోట పలికిన దెబ్బ చేతికి తొందరగా దొరుకుతుంది. పెప్రె నేర్చుకునేవాళ్లకు చెంబులో నీళ్లు పోసి, బొప్పాయి ఆకు కాడతో బుడగలు తెగకుండా ఊదమంటాం. బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో ఊపిరి తీసుకోవడం అలా అలవాటవుతుంది. పిల్లలకు అది ఆట. పందెం వేసుకుంటారు. నెల తిరిగేసరికి ఊపిరి కుదురుతుంది.

మూడోది, వంత. కొత్తగా వచ్చిన పిల్లవాడిని ఒంటరిగా నిలబెట్టి వాయించమనం. పటాడి వాకిలి పద్ధతే మాదీ. వాడిని పెద్ద పిల్లల మధ్య కూర్చోబెట్టి ఒక్క దెబ్బ అప్పగిస్తాం. పాట మొత్తంలో ఆ దెబ్బ వాడిదే. వాడు కొట్టకపోతే అక్కడ గుంట పడుతుంది. తాను లేకపోతే పాట నిండదని తెలిసిన పిల్లవాడు మరుసటి ఆదివారం తప్పకుండా వస్తాడు. పిల్లలను ఉత్సాహపరచడం ఎలా అని చాలామంది అడుగుతుంటారు. బహుమతుల కంటే, పొగడ్తల కంటే మాకు పనిచేసింది ఇదే.

నాలుగోది, నేర్పే పెద్దాయనకు ఏదో ఒకటి ఇవ్వడం. కళ అంటే ఉచితంగా నేర్పేది అని చదువుకున్నవాళ్లే అంటారు. పటాడికి ధాన్యం ఇచ్చిన మన తాతలు అలా అనలేదు. మా దగ్గర పిల్లల తల్లిదండ్రులు పంట వచ్చాక జొన్నలో, కందులో ఇస్తారు. ఉద్యోగం ఉన్న మేము నెలకు కొంత వేస్తాం. తాత చేతిలో ఆ కాస్త పెట్టిన రోజున ఆయన నడక మారుతుంది. మనవడు కూడా ఈ విద్యకు విలువ ఉందని చూస్తాడు.

అయిదోది, అన్నిటికంటే ముఖ్యమైనది, వాయించే చోటు. నేర్చుకున్నది వాకిట్లోనే ఉండిపోతే మూడో నెలకు పిల్లలు తగ్గిపోతారు. కాబట్టి ఊళ్లో ఏ శుభకార్యం ఉన్నా ముందుగా వెళ్లి ఒక గంట మా పిల్లలకు ఇమ్మని అడుగుతాం. డీజే పెట్టుకోవద్దని ఎవరితోనూ తగువు పడం. డీజే మొదలయ్యే ముందు పెళ్లికూతురిని తీసుకొచ్చే వేళ మాకు ఇస్తే చాలంటాం. చాలా ఇళ్లు ఒప్పుకున్నాయి. ముసలివాళ్లు వచ్చి కూర్చుంటారు, తప్పు పోతే అక్కడే చెబుతారు. ఆ గంటలో పిల్లలు నేర్చుకునేది మా బడిలో నెల రోజులకూ రాదు.

ప్రదర్శన గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. అరకులో పర్యాటకుల ముందు ధింసా ఆడే బృందాలు ఉన్నాయి. దానివల్ల నాలుగు డబ్బులు వస్తాయి, ఆట నలుగురికీ తెలుస్తుంది. తప్పు లేదు. వేదిక మీద దొరికేది పది నిమిషాలు. రాత్రంతా సాగే ఆటలో పది నిమిషాల ముక్కనే పిల్లలు మొత్తం అనుకుంటే మిగిలిందంతా పోతుంది. అందుకే వేదికకు వెళ్లే పిల్లలు ముందు ఒక దండారి విడిదికైనా వెళ్లి రావాలని మేము నియమం పెట్టుకున్నాం.

ఉపాధ్యాయులకు, యువతకు

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయ మిత్రులను మేము కోరేది పెద్ద కోరికేమీ కాదు. ప్రధానోపాధ్యాయుడి చేతిలో కొన్ని స్థానిక సెలవులు ఉంటాయి. వాటిలో ఒకటి రెండు దండారికీ నాగోబా కొలుపుకూ ఇవ్వండి. అది కుదరకపోతే దీపావళి ముందు ఒక సాయంత్రం దగ్గరి ఊరి దండారిని బడి ఆవరణకు పిలవండి. పిల్లలను బెంచీల మీద వరసగా కూర్చోబెట్టకండి. తోలు కాచే పని, వంత పాడే పని వాళ్లకు ఇప్పించండి. సాంఘిక శాస్త్రం పుస్తకంలో కుమురం భీం పాఠం వచ్చిన వారం, ఆయన కథ పాడగలిగిన పెద్దమనిషి ఒకరిని తరగతికి తీసుకురండి. ఆయనకు ఒక కుర్చీ వేయండి, దారిఖర్చు ఇవ్వండి. ఆ రోజు ఆయన కూడా ఉపాధ్యాయుడే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఫోన్లలో మీ ఊరి పాట ఎంత ఉంది? మీ తాత, అమ్మమ్మ, పక్కింటి పటాడి కాకో, మామో పాడేటప్పుడు వాళ్ల అనుమతి అడిగి రికార్డు చేయండి. ఎవరు పాడారు, ఏ సందర్భంలో పాడతారు, ఎప్పుడు పాడకూడదు అన్నది కూడా చెప్పించుకోండి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే మన మాటలను మన అక్షరాల్లోనే దాచుకునే వీలు వచ్చింది. రికార్డు చేసి ఊరుకోకండి. అందులో ఒక్క పాటైనా మీ నోట పాడండి, ఒక్క తాళమైనా మీ చేత్తో కొట్టండి.

డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చి, ఈ వయసులో డోలు పడితే నవ్వుతారేమో అని వెనకాడేవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. వాళ్లను మేము పన్నెండేళ్ల పిల్లల పక్కనే కూర్చోబెడతాం. పిల్లలే వాళ్లకు నేర్పుతారు. మొదటి రెండు ఆదివారాలు సిగ్గుపడతారు. మూడో ఆదివారానికి చేతులు ఎర్రబడి ఉంటాయి, సిగ్గు ఉండదు. పోగొట్టుకున్న పది దండారులు తిరిగి రావు గాని, వచ్చే దండారికి ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి. మీ ఊళ్లో నేర్పగలిగిన పెద్దమనిషి ఎవరో ఈ వారమే కనుక్కోండి. ఆయన దగ్గర కూర్చోండి.